పేద చెరువు

బొచ్చె, శీలావతి చేపలు గట్టు పొడవునా చచ్చి తేలుతున్నాయి. జాలరి నాగుల్ని పడవ గుంజకు కట్టేసి కొడుతున్నారు. చల్లపల్లి నుంచి పోలీసులు వచ్చేలోగా ప్రాణం పోయేట్టుంది.

మత్స్యకారుల సంఘం ప్రెసిడెంటు పేరయ్య అందరికంటే గట్టిగా తిడుతున్నాడు. చెరువుకు ఎరువు వద్దని అడ్డుపడినందుకు నాగుల్ని సంఘంలోంచి తీసేశారట. ఆ కసితో నీళ్లలో ఎండ్రిన్ పురుగుమందు కలిపాడని పేరయ్య వాదన.

పొద్దున్నే కబురంది బెజవాడ నుంచి జీపులో వచ్చిన చేపల శాఖ అధికారి సంపూర్ణమ్మ మొదట కొట్టడం ఆపించింది. పడవలో చెరువు నడిమికి వెళ్లి, తాడు కట్టిన తెల్ల పళ్లెం దించి, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసింది. జానెడు లోతులోనే పళ్లెం మాయమైంది.

ఆమె పళ్లెం పైకి లాగింది. జనవరిలో ఇదే చోట పళ్లెం నడుంలోతు దాకా కనబడింది. నీళ్లలో సారం ఎంతుందో, నాచూ చేపా ఎంత పెరుగుతాయో చూసి చెరువుల్ని పేద, మధ్యరకం, సంపన్నం అని విడదీస్తారు. నీళ్లు ఎంత తేటగా ఉంటే సారం అంత తక్కువ. దీన్ని ‘పేద’ అని రాసింది తనే. ఎరువు మంజూరు చేసిందీ తనే.

పడవ పక్కనే ఒక కొరమీను పైకొచ్చి, గాలి మింగి మునిగింది.

గట్టెక్కగానే నాగులు కట్లు విప్పమంది.

“ఎండ్రిన్ అయితే కొరమీనూ చచ్చేది. అది పైకొచ్చి గాలి పీల్చుకుంది. మిగతావి ఊపిరాడక పోయాయి. ఇది ముందునుంచీ సంపన్నమైన చెరువే. పైన ఎరువు పడేసరికి నాచు ముదిరి, తెల్లారేలోగా నీళ్లలో ప్రాణవాయువంతా లాగేసింది. మరి జనవరిలో నీళ్లు అంత తేటగా ఎందుకున్నాయి?”

పేరయ్య భార్య అంకాలమ్మ ముందుకొచ్చింది. ఇంటికి పొమ్మని పేరయ్య కసిరినా కదల్లేదు. జనవరిలో అధికారి వచ్చేముందు నాలుగు రోజులు పచ్చనీళ్లు దిగువకు వదిలేసి, తూమెత్తి కాలవనీళ్లు నింపారని చెప్పింది.

“చుట్టాలొస్తుంటే వాకిలి కడుక్కోమా అండీ? పాచినీళ్లు చూపిస్తే పరువు పోద్దనుకున్నారు. ఆ సంగతి మీకు చెబుతానన్నాడనే నాగుల్ని తీసేశారు.”

“చేయించింది ఎవరు?”

ముప్పయ్యేళ్ల కాపురంలో మొగుడి పేరు ఒక్కసారీ పలకని మనిషి. నాగులు నెత్తురోడుతున్న ముఖం వైపు చూసింది.

“పేరయ్య,” అంది.