స్వప్న పేరుతో రాసిన రెండు వాక్యాలు

నేను ఒక ఫోన్‌ని. చెన్నై వెళ్ళే రోడ్డు పక్కన పెద్ద షెడ్డులో, తలకి నీలం టోపీలు పెట్టుకున్న అమ్మాయిల చేతుల్లో పుట్టాను. వాళ్ళలో ఒకమ్మాయి నా అద్దం తుడుస్తూ అందులో ముఖం చూసుకుని, టోపీలోంచి జారిన జుట్టు లోపలికి తోసుకుంది. ఆ తర్వాత నన్ను పట్టుకున్నవాళ్ళూ నాలో చూసుకున్నది తమనే. కాకపోతే వాళ్ళకి కావలసింది తమ ముఖం కాదు, ఆ ముఖం గురించి ఊరు ఏమనుకుంటోందో.

మొదట కాకినాడలో ఒక కాలేజీ లెక్చరరు కొన్నాడు. తన పెళ్ళి ఫొటోకి ఎంతమంది లైకు కొట్టారో, ఎవరు కొట్టలేదో ఎనిమిది నెలలపాటు లెక్క చూసుకుని, ఇంకా మంచి కెమెరా ఉన్నది దొరకగానే నన్ను షాపులో ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆ షాపులోనే నన్ను గుత్తుల శశికళ చూసింది. కెమెరా తెరిచి, ఎదురుగా ఉన్న మేడ మొత్తం ఫొటోలో పడుతోందా లేదా అని రెండుసార్లు సరిచూసి మరీ కొనుక్కుంది.

శశికళకి నలభై ఏళ్ళు. ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టడం ఆమె వృత్తి. సర్పవరం జంక్షన్ దగ్గర చిన్న గది, అందులో ఒక బల్ల, మూడు కుర్చీలు. భర్త వదిలేసి వెళ్ళిన మూడో నెలలో, ఎవరి సాయం లేకుండా ఈ పనిలో దిగింది. ఆడమనిషి ఇళ్ళ బేరాలేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత ఆమెకి ఫోన్లు చేశారు. ఆ మార్పు తెచ్చింది నేనే అని చెప్పుకుంటే గొప్పగా ఉంటుందేమో కానీ, చాలావరకు అది నిజం. పొద్దున్నే ఆమె ఫొటో, నంబరు ఉన్న శుభోదయం కార్డు రెండు వందల మందికి పంపేదాన్ని. "నమస్తే అండీ, నేను మీ శశికళ" అంటూ ఆమె గుమ్మంలో అడుగుపెడితే వెనకే నడిచి వీడియో తీసేదాన్ని. రిజిస్ట్రేషన్ పూర్తయి, పార్టీలు ఆఫీసు వరండాలో ఇంకా సంతోషంగా ఉండగానే, "ఒక్క నిమిషం పట్టదండి, అయిదు చుక్కలు పెట్టెయ్యండి" అని ఆమె వాళ్ళ చేత మ్యాపులో తన పేజీ మీద రివ్యూ రాయించేది. వంకపెట్టినవాళ్ళకి ఆ గంటలోనే మర్యాదగా జవాబు ఇచ్చేది. ఎవరో ఒకాయన మూడు చుక్కలే పెట్టాడని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ పేజీలో ఉన్నది ఆమె పేరు కాదు, ఆమె బతుకు.

ఆ ఊళ్ళోనే పేరూరి సుబ్బారాయుడు గారని ఇంకో ఏజెంటు ఉన్నారు. అరవై ఆరేళ్ళాయన. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఆయనకి బోర్డు కూడా లేదు. ఒకరు చెబితే ఇంకొకరు వచ్చేవారు. ఈమధ్యే కోడలు నీలవేణి పట్టుబట్టి ఆయన పేరు మ్యాపులో ఎక్కించింది. ఏడుగురు రివ్యూలు రాశారు, ఏడూ అయిదు చుక్కలే.

బ్యాంకులో పనిచేసే ఒక జంటని శశికళ నాలుగు నెలలు తిప్పింది. పంతొమ్మిది ఇళ్ళు చూపించింది. వాళ్ళు ఇరవయ్యో ఇల్లు రాయుడు గారి ద్వారా రామారావుపేటలో కొనుక్కున్నారు. ఆ సంగతి ఆమెకి చెప్పను కూడా లేదు. భానుగుడి నుంచి ఆటోలో వస్తుండగా ఆయన పేజీలో ఎనిమిదో రివ్యూగా వాళ్ళ మెచ్చుకోలు కనిపించింది. "ఇంత ఓపిగ్గా ఇళ్ళు చూపించినవారిని మేం చూడలేదు" అని రాశారు.

ఆమె ఆటోలోనే స్వప్న అనే పేరుతో కొత్త ఖాతా తెరిచింది. ఒక్క చుక్క పెట్టి, రెండే రెండు వాక్యాలు రాసింది. "ఇల్లు చూపిస్తానని పైకి తీసుకెళ్ళి తేడాగా మాట్లాడాడు. ఆడవాళ్ళు ఈయనతో ఒంటరిగా వెళ్ళకండి."

అక్షరం తప్పు పడితే నేను కింద ఎర్రగీత గీస్తాను. అబద్ధానికి ఏ గీతా గియ్యలేను. ఆ రెండు వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. పంపేశాను.

సర్పవరం వచ్చేసరికే ఆమె కోపం దిగిపోయింది. తీసేద్దామనుకుంది. సాయంత్రం తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటూ ఉండగానే నలభై ఏడుమంది ఆ రివ్యూ తమకి ఉపయోగపడిందని నొక్కారు. ఒక అపార్ట్‌మెంటు ఆడవాళ్ళ గ్రూపులో దాని ఫొటో తిరిగింది. ఆ ఫొటో చివరికి శశికళ దగ్గరికే వచ్చింది, "జాగ్రత్త అక్కా" అన్న మాటతో. ఆమె దానికి దణ్ణం గుర్తు పెట్టింది. ఇంకేం పెట్టాలో తోచలేదు.

అయిదు వారాల తర్వాత, పట్టపగలు పదకొండింటికి రాయుడు గారు ఆమె గదికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, గొడుగు గోడకి ఆనించి, కుర్చీ అంచున కూర్చున్నారు.

"అమ్మా శశికళా, నీతో చిన్న పనుందమ్మా. ఈ ఫోన్ల సంగతి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదని అందరూ అంటన్నారు."

"చెప్పండి బాబాయ్ గారూ" అంది. ఆ వరస అంతకుముందు ఎప్పుడూ కలపలేదు.

ఆయన జేబులోంచి మడతపెట్టిన కాయితం తీశారు. కోడలు ప్రింటు తీయించి ఇచ్చిందట. "నేను పైకి చదవలేనమ్మా. నువ్వే చూడు."

శశికళ తను రాసిన రెండు వాక్యాలూ చదివింది. రెండోసారి చదువుతున్నట్టు నటిస్తూ తల దించుకునే ఉంది.

"ఎవరో స్వప్నంట" అన్నారాయన. "తొమ్మిదేళ్ళ బేరాల పుస్తకాలు తిరగేశాను. ఆ పేరు గలావిడ నాకు తగల్లేదు. పోనీ నేనే మర్చిపోయానేమో. వయసొచ్చింది కదా, ఒకటి అనబోయి ఒకటి అన్నానేమో, ఆ పిల్ల మరోలా అనుకుందేమో. ఆవిడ ఎక్కడుంటాదో నువ్వు కనిపెడితే, మా ఆవిణ్ణి వెంటబెట్టుకెళ్ళి క్షమించమని అడిగొస్తానమ్మా. అంతే నాకు కావాల్సింది."

నేను బల్ల మీద ఉన్నాను. ఆయన నా వైపు మంత్రం తెలిసినవాడి కర్రని చూసినట్టు ఆశగా చూశారు. శశికళ నన్ను తీసి ఒడిలో పెట్టుకుని చీర కొంగు కప్పింది.

"అడ్రసు దొరకదండి" అంది. "తీయించడానికి ప్రయత్నం చేస్తాను."

"తీయించగలవా?" ఆయన లేచి నిలబడ్డారు. "ఇల్లు చూపిద్దామని గుమ్మం దాకా వెళ్తే లోపలికి కాళ్ళు రావట్లేదమ్మా. వచ్చినావిడ నన్నెలా చూస్తందో అని."

ఆయన వెళ్ళాక రివ్యూ తీసెయ్యడానికి నాలుగు సెకన్లు పట్టింది. ఆమె ఆ సాయంత్రమే చెప్పలేదు. పెద్ద ప్రయత్నం చేసినట్టు కనబడాలని రెండు రోజులు ఆగింది. ఈ సంగతి ఆ తర్వాత కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు. నేను చెబుతున్నాను.

మూడో రోజు, తీయించేశానని ఆమె ఫోన్ చెయ్యగానే ఆయన సంచి నిండా తాటిముంజలు తెచ్చారు. కళ్ళనిండా నీళ్ళు. ఆ మధ్యాహ్నమే కోడలి చేత అక్షరాలు వెతికించుకుంటూ జన్మలో మొదటి రివ్యూ రాశారు. "శశికళ గారు నా పరువు కాపాడారు. ఇలాంటి మనిషి మన ఊళ్ళో ఉండడం మన అదృష్టం." అయిదు చుక్కలు. అది ఆమె పేజీలో అన్నిటికన్నా పైకి వెళ్ళి కూర్చుంది. కొత్త పార్టీలు వచ్చీ రాగానే అదే చదివి వినిపించేవారు. తను రాసింది తీసెయ్యగలదు కానీ ఆయన రాసింది తీసే దారి ఆమెకి లేదు. పేజీ తెరిచినప్పుడల్లా ఆమె బొటనవేలు దాన్ని గబగబా పైకి తోసేసేది.

పదకొండు రోజులు అలా గడిచాయి. పన్నెండో రోజు పొద్దున్న శుభోదయం కార్డు పంపలేదు. నన్ను సంచిలో వేసుకుని గాంధీనగర్‌లో రాయుడు గారి ఇంటికి వెళ్ళింది. ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నారు. నీలవేణి బియ్యం ఏరుతోంది.

శశికళ కూర్చోలేదు. "బాబాయ్ గారూ, ఆ స్వప్న..." అంది.

"దొరికిందా అమ్మా?" ఆయన పేపరు పక్కన పెట్టేశారు.

"దొరకడం కాదండి. నేనేనండి. నేనే రాశాను."

ఆయనకి అర్థం కాలేదు. నీలవేణికి ముందు అర్థమైంది. చేట కింద పెట్టి లేచి నిలబడింది.

"బ్యాంకు వాళ్ళు మీ దగ్గర కొన్నారని కోపం వచ్చిందండి. ఆటోలో కూర్చుని రాసేశాను. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. మీరు కాయితం తెచ్చిచ్చినప్పుడు కూడా నోరు విప్పలేదు."

వీధిలో కూరగాయల బండి కేక వేసుకుంటూ వెళ్ళిపోయింది. రాయుడు గారు తన అరచేతుల వైపు చూసుకుంటూ, ఆమె ఊహించని ప్రశ్న వేశారు.

"ఆ మాటలు కోపంలో పుట్టినవి కాదమ్మా. పైకి తీసుకెళ్ళి అని రాశావు. నిన్నెవరన్నా అలాగ..."

శశికళ ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది అక్కడ చెప్పింది. మూడేళ్ళ కిందట ఒక కాంప్లెక్సు యజమాని నీళ్ళ ట్యాంకు చూపిస్తానని మేడ మీదకి తీసుకెళ్ళాడు. తలుపు గడియ వేశాడు. తను గట్టిగా అరిచి కిందికి పరుగెత్తింది. మర్నాడు అతనికే ఫోన్ చేసి, ఏమీ జరగనట్టు షాపు అద్దె గురించి మాట్లాడింది. ఆ ఫోన్ చేసింది నాతోనే. ఆమె గొంతు ఎంత మామూలుగా ఉందో నాకు గుర్తుంది.

"మరి ఆ మాట అతని పేరు మీద రాయాల్సింది కదమ్మా" అన్నారు రాయుడు గారు.

"భయమేసిందండి."

"మరి నా మీద రాయడానికి?"

"మీరు నన్నేం చెయ్యరని తెలుసండి."

ఆయన తల ఊపారు. కోప్పడి ఉంటే ఆమెకి కాస్త తేలికయ్యేది. ఆయన పేపరు తీసుకుని మళ్ళీ చదవబోయి, కళ్ళజోడు తీసేసి, లోపలి గదిలోకి వెళ్ళిపోయారు.

"నా పెళ్ళయిన కాడి నుంచి ఆయన నన్ను ఏకవచనంతో కూడా పిలవలేదండి" అంది నీలవేణి. "అమ్మాయి గారూ అంటారు. ఆ కాయితం ప్రింటు తీసిన రోజు నేను కూడా ఒక్క క్షణం ఆయన్ని అనుమానంగా చూశాను. ఆయన అది కనిపెట్టేశారు. దీన్ని మీరెలా తీస్తారండి?"

శశికళ లోపలి గది వైపు అడుగెయ్యబోతే నీలవేణి అడ్డం నిలబడింది.

"మీ పేరుతో, మీ ముఖంతో చెప్పండి. నాలుగ్గోడల మధ్య కాదు. ఇక వెళ్ళండి."

మెట్ల మీదే నన్ను ఎదురుగా పట్టుకుంది. జుట్టు దువ్వుకోలేదు, కళ్ళు తుడుచుకోలేదు. "నేను మీ శశికళ" అనలేదు. "నా పేరు గుత్తుల శశికళ" అని మొదలుపెట్టి, నిమిషం నలభై సెకన్లలో చేసింది చేసినట్టు చెప్పింది. తన పేజీలో పెట్టింది, ఏజెంట్ల గ్రూపులో పెట్టింది, "జాగ్రత్త అక్కా" అన్న ఆడవాళ్ళ గ్రూపుకి పంపింది. మేడ మీద సంగతి అందులో చెప్పలేదు. అది చెబితే జనం జాలిపడి తనని వదిలేస్తారని ఆమెకి తెలుసు.

అయినా వదిలేశారు. మనుషుల తీరు నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఏజెంట్లు చాలామంది ఆమెతో కలిసి బేరాలు చెయ్యడం మానేశారు, అది న్యాయమే. కానీ ఆ వీడియోని పదకొండు వందల మంది మెచ్చుకున్నారు. ఆమె ఇళ్ళ వీడియోలు వేటికీ అన్ని రాలేదు. "మీ ధైర్యానికి హ్యాట్సాఫ్ మేడమ్" అన్నారు. "ఇంత నిజాయితీ ఉన్నవారి దగ్గరే కొంటాం" అని ఇద్దరు ఫోన్ కూడా చేశారు. శశికళ కామెంట్లు మూయించింది. పేజీలోంచి తన ఫొటో తీసేసింది. రాయుడు గారు రాసిన అయిదు చుక్కలు మటుకు చాలాకాలం అక్కడే ఉన్నాయి. ఒకరోజు చూస్తే లేవు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, చాలారోజుల తర్వాత నిండుగా ఊపిరి తీసుకుంది.

నాకిప్పుడు ముసలితనం వచ్చింది. బ్యాటరీ ఉబ్బింది, అద్దం ఒక మూల పగిలింది. ఆమె బీరువా సొరుగులో పాత ఛార్జర్ల మధ్య పడి ఉన్నాను. పనికి వెళ్ళిన చివరి వారంలో చూసిన ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను.

సాంబమూర్తినగర్‌లో ఒక ఇంటి యజమాని ఇద్దరు ఏజెంట్లకీ తాళం ఇచ్చాడు. శశికళ ముందుగా వెళ్ళి తలుపులు తీసింది. కాసేపటికి రాయుడు గారు ఒక తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనా శశికళా ఎదురుపడడం ఏడాది తర్వాత అదే మొదటిసారి. ఆయన గేటు దగ్గరే ఆగిపోయారు.

"మీరు రారా అండీ?" అని అడిగింది కూతురు.

"మీరు చూసిరండమ్మా. నేనిక్కడుంటాను."

"లోపలికి రండి" అంది శశికళ మెల్లిగా. "ఇంతమందిమి ఉన్నాం కదండి."

ఆయన ఆమె వైపు చూశారు. ఆ చూపులో పగ లేదు. "అలవాటైపోయిందిలేమ్మా" అన్నారు. "ఈమధ్య ఎవరొచ్చినా నేను బయటే."

శశికళ ఆ తల్లీ కూతుళ్ళకి గదులు చూపించింది. పడమటి గదిలో నిలబడి గాలి సంగతి వాళ్ళు అడిగితే ఆమెకి తెలియలేదు. గేటు దగ్గర నుంచి రాయుడు గారు గొంతు పెంచి చెప్పారు. "వంటింటి పక్క కిటికీ తియ్యమనండమ్మా. సముద్రం గాలి అటునుంచే వస్తాది."

శశికళ కిటికీ తెరిచింది. గాలి వచ్చింది. ఎండలో, ఇంటికి వీపు పెట్టి నిలబడిన ఆయన చొక్కా ఆ గాలికి రెపరెపలాడుతోంది. తల్లీ కూతుళ్ళు ఇల్లు బాగుందనుకుంటూ మేడ మీదకి వెళ్ళారు. ఆమె వాళ్ళ వెనక వెళ్ళలేదు. కిటికీ చువ్వలు పట్టుకుని, వాళ్ళు కిందికి దిగేదాకా అక్కడే నిలబడిపోయింది.