కొండదారిలో కొండెక్కిన కారు

యాభై నిండాక పళ్ళ డాక్టరు ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. కారు వయసూ ఇంచుమించు అంతే. రెండే సీట్లు, బట్ట పైకప్పు. వానొస్తే రోడ్డుకంటే ముందు డ్రైవరు తడిసేవాడు. అయినా దాని గొంతు వింటే డాక్టరుకి ఒళ్ళు పులకరించేది. పొద్దస్తమానం ఇతరుల నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి ఆమాత్రం సరదా ఉండాలని అతని వాదన. క్లినిక్కులో ఫోన్లు, అపాయింట్‌మెంట్లు చూసే అతని భార్య మాత్రం ఆ కారుని "మీ పేషెంటు" అనేది.

ఊళ్ళో పాత స్పోర్ట్స్ కార్లవాళ్ళకి ఒక క్లబ్బుంది. అధ్యక్షుడు రిటైరైన జడ్జిగారు. డాక్టరు చేరిన రోజున జడ్జిగారు తానే గీసిన రెక్కల గుర్తు చెక్కించిన పెట్రోలు మూత ఒకటి బహూకరించి, పాత మూత తీసి, దాన్ని స్వహస్తాలతో బిగించారు. అద్దంలా మెరిసే మూత. సభ్యులందరి కార్లకీ అదే ఉంది. ఆదివారాల్లో వాళ్ళు ఒక హోటలు ముందు కార్లు వరసగా నిలిపి, తుడిచి, ఒకరి కారు చుట్టూ ఒకరు తిరిగి తలలాడించి ఇళ్ళకి వెళ్ళిపోయేవారు. కారు నడపడమనేది హోటలుకి రావడానికీ పోవడానికీ మాత్రమే.

ఆ నెలలోనే డాక్టరు జలాశయం పక్క కొండరోడ్డు మీద కారుని మొదటిసారి గట్టిగా తొక్కాడు. ముందు రాళ్ళ లోడుతో మూలుగుతున్న లారీ. మూడో గేరులో కాలు పూర్తిగా అదిమాడు. ఇంజను గొంతెత్తింది, ముల్లు పైకి లేచింది. లారీని సగం దాటాక కారు ఒక్కసారిగా నీరుగారిపోయింది. ఎంత తొక్కినా, వెనక నుంచి ఎవరో పట్టి లాగుతున్నట్టు వెనకబడింది. లారీ డ్రైవరు కిటికీలోంచి చూసి, జాలిగా తలూపి, ముందుకి సాగిపోయాడు.

నెమ్మదిగా పోతే దానికి ఏ జబ్బూ లేదు. ఇంజను వేగం పెంచి కాసేపు లాగిస్తేనే ప్రాణం పోయేది.

ఆదివారం ఈ సంగతి క్లబ్బులో చెప్పడం డాక్టరు చేసిన పొరపాటు.

"కార్బురేటర్," అన్నారు జడ్జిగారు, బానెట్ ఎత్తకుండానే. "ఇందులో రెండో మాట లేదు."

"కాయిల్ వేడెక్కుతోంది, నా మాట వినండి," అన్నాడు క్లబ్బు కార్యదర్శి. ఆయన ఇన్సూరెన్సు ఏజెంటు. మంట, పొగ, వేడి తప్ప లోకంలో మరో కారణం ఆయనకి తోచదు.

ఇంట్లో బావమరిది ఇంకో రకం. కంప్యూటరు ముందు కూర్చుని ప్రపంచంలోని కార్ల జబ్బులన్నీ చూసినవాడు. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం లేదు.

"బావా, ఇది పెట్రోలు కల్తీ. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు."

"నువ్వు ఏదైనా కళ్ళు మూసుకునే చెప్తావు," అంది వాళ్ళక్క.

మెకానిక్ మంచివాడే. ఎవరి మాటా కాదనలేకపోవడమే అతని జబ్బు. జడ్జిగారి మాట మీద కార్బురేటర్ విప్పి కడిగాడు. కార్యదర్శి మాట మీద కాయిల్ మార్చాడు. తన మాట కూడా ఒకటుండాలి కనుక పెట్రోలు పంపు మార్చాడు. ప్రతిసారీ షెడ్డులో కారు నిలబెట్టి, యాక్సిలరేటర్ లాగి చూపించేవాడు. రేకులు అదిరేలా అరిచేది.

"విన్నారా సార్? పులి."

కొండరోడ్డు ఎక్కగానే ఆ పులి కాస్తా పిల్లి అయ్యేది.

విచిత్రమేమంటే, బంకులో పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ కారు కాసేపు గుర్రంలా పరిగెత్తేది. దాంతో బావమరిది కాలరెగరేశాడు. "చూశావా బావా, మంచి పెట్రోలు పడగానే ఎలా లేచిందో." డాక్టరు నమ్మి బంకులు మార్చాడు. చివరికి ఊరవతల బంకులోని పెట్రోలే మహత్తు గలదని తేల్చుకుని, క్లినిక్కు మూసి మరీ అక్కడిదాకా వెళ్ళేవాడు.

ఒకరోజు ఒక పెద్దాయన దవడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఎప్పటినుంచి నొప్పి?" అలవాటుగా అడిగాడు డాక్టరు.

"మీరు పంటికి ఆ క్యాప్ వేసినప్పటినుంచేనండి. అంతకుముందు రాయిలా ఉండేది."

డాక్టరు చేతిలోని చిన్న అద్దం పెద్దాయన పెదవుల దగ్గరే ఆగిపోయింది. గుమ్మం తొక్కిన ప్రతివాడినీ అడిగే మాట, ఇన్నాళ్ళుగా ఆ కారు విషయంలో ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

పెద్దాయన క్యాప్ అరగదీసి, మందు రాసిచ్చి పంపించాక, పళ్ళ అచ్చులుండే డ్రాయరులోంచి పాత పెట్రోలు మూత వెతికి తీశాడు. దాని మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రం ఉంది.

"పద, కొండకి వెళ్దాం," అన్నాడు భార్యతో.

"బయట జనం ఉన్నారండీ."

"సాయంత్రం రమ్మను."

ఎప్పటిలాగే ఎక్కుడులో కారు చచ్చుబడింది. డాక్టరు పక్కకి ఆపి, మెరిసే మూత విప్పాడు. ట్యాంకు బుస్సుమంటూ గాలి పీల్చుకుంది.

"ఏమిటా చప్పుడు?" అంది భార్య.

"ఊపిరి. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. పాత మూతకి దారుంది, దీనికి లేదు. మెల్లగా పోతే అంచుల్లోంచి దూరే గాలి సరిపోతుంది. గట్టిగా లాగితే పంపు ఎంత పీల్చినా పెట్రోలు రాదు. బంకులో మూత తీస్తాం కదా, అందుకే కాసేపు బాగుండేది."

"అంటే ఇన్నాళ్ళూ దాని ముక్కు మూసి పరిగెత్తమన్నారు."

పాత మూత పెట్టాక కారు కొండ కొసదాకా ఆగకుండా ఎక్కింది. భార్య జుట్టంతా రేగిపోయింది, అయినా సర్దుకోలేదు.

ఆదివారం డాక్టరు ఈ సంగతి చెప్పగానే హోటలు ముందు కార్లు తుడిచే గుడ్డలన్నీ ఆగిపోయాయి.

"మా కార్లకేమీ కాలేదే," అన్నాడు కార్యదర్శి.

"మీరెప్పుడైనా కొండెక్కారా?"

జడ్జిగారు గొంతు సవరించుకున్నారు. "మూత మీద ఆరోపణ తీవ్రమైనది. విచారణ జరగాల్సిందే. పదండి."

ముందు జడ్జిగారి ఆకుపచ్చ కారు, వెనక కార్యదర్శి, ఆ వెనక మిగతావాళ్ళు, చివర భార్యతో డాక్టరు. సత్తా చూపించాలని జడ్జిగారు చిన్న గేరులో ఇంజను అరిపిస్తూ ఎక్కించారు. పెద్ద మలుపు దగ్గర కారు దగ్గింది, తుమ్మింది, కొండెక్కింది. కార్యదర్శి కారు కూడా దాని వెనకే ఊపిరి వదిలింది. మిగతావి దారిలేక నిలబడిపోయాయి.

"ఒక్కసారి మూత విప్పి చూడండి," అన్నాడు డాక్టరు.

"విచారణలో ఉన్న వస్తువుని ముట్టుకోకూడదు," అని జడ్జిగారు చేతితొడుగులు తీసి, ఎండ గురించి, ఏటవాలు గురించి, ఈకాలం రోడ్ల నాణ్యత గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. అందరూ చుట్టూ చేరారు. డాక్టరు భార్య ఆకుపచ్చ కారు వెనక్కి వెళ్ళి, దుమ్ము తుడుస్తున్నట్టు చేతిరుమాలుతో మూత పట్టుకుని తిప్పింది. బుస్సుమంది. మళ్ళీ బిగించి వచ్చేసింది.

ఉపన్యాసం ముగించి జడ్జిగారు తాళం తిప్పగానే ఇంజను ఠంచనుగా పలికింది.

"చూశారా. విశ్రాంతి అడిగింది, ఇచ్చాం. మూత నిర్దోషి." అక్కడికక్కడే తీర్మానం జరిగింది: క్లబ్బు కార్లన్నీ ఎక్కుడులో విధిగా విశ్రాంతి తీసుకోవాలి. అందరూ చప్పట్లు కొట్టారు. డాక్టరు నోరు తెరవబోతే భార్య కాలు తొక్కింది.

జడ్జిగారి కారు కదిలాక మిగతావాళ్ళూ పక్కనుంచి దారి చేసుకుని వెళ్ళారు.

"నిజం చెప్పొద్దా మరి?" కారెక్కాక అడిగాడు డాక్టరు.

"పన్ను పీకేముందు మనిషి ఒప్పుకోవాలా వద్దా?"

"ఒప్పుకోవాలి."

"ఆయన ఒప్పుకోలేదు. పోనివ్వండి."

డాక్టరు నవ్వాపుకుంటూ గేరు మార్చాడు. మలుపులో కార్యదర్శి కారు ఇంకా కదల్లేదు. ఆయన బానెట్ ఎత్తి, దానికి విశ్రాంతి చాలలేదంటూ, అట్టముక్కతో ఇంజనుకి విసురుతున్నాడు.