నక్షలు మేసిన గొర్రె

చౌటుప్పల్‌ల కమలాకర్ సారు రియల్ ఎస్టేట్ ఆఫీసుల దామోదర్ పని, కంప్యూటర్ మీద వెంచర్ల నక్షలు గీసుడు. గీసుడు తక్కువ, చెరుపుడు ఎక్కువ. ప్లాటు కొననీకి వచ్చినోళ్లు ‘వాగు’ అన్న మాట చూసి ఎన్కకు మర్లిపోతున్నరంటే, ఒక్కో నక్ష తెరిచి, ఆ మాట దేవులాడి, చెరిపి, మూసి, మళ్లొకటి తెరవాలె. గొర్లు కాసే ఇంట్ల పుట్టి, వాటెన్క తిరుగుడు తప్పిందని మురిసినోడు నక్షలెన్క తిరుగుతున్నడు.

జీతం పెంచమంటే సారు, "పైసలేం జేస్కుంటవ్‌రా, జాగా తీస్కో. మూల ప్లాటుల నీ పేరు రాస్కో, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం" అన్నడు. దామోదర్ నక్షల రాస్కున్నడు. ఆనాటి సంది వంటింటి కిటికీ ఎటు పెట్టాలని భార్య సుస్మితతోని రోజూ పంచాయితే.

వానలప్పుడు కంప్యూటర్ తెరలకు ఒక నల్ల గొర్రె జొచ్చింది. ఊడ్వనీకి వచ్చిన సత్తమ్మ తెర తుడుసుకుంట, "సూడిదా, వట్టిదా?" అని మాత్రం అడిగింది. మొదటి నక్షల దామోదర్ ఏది చెరిపితే, మిగతా నక్షలన్నీ తిరిగి గొర్రె అదే మేసొచ్చేది. ‘వాగు’ మేసింది. చెరువు నీళ్లు నిలిచే జాగా మీద రాసిన ‘చెరువు శిఖం’ మేసింది. కరెంటు తీగలు మేసింది. దామోదర్ కాలు మీద కాలేసుకొని చాయ తాగిండు. "నేనే నేర్పిన" అని అడిగినోళ్లకూ చెప్పిండు, అడగనోళ్లకూ చెప్పిండు.

ఒకనాడు సారొచ్చి ఎన్క నిలబడ్డడు.

"నక్షల కింద ‘గీసినవారు: దామోదర్’ అని ఉన్నదేందిరా? పని గొర్రె చేస్తాంది, పేరు నీదా?"

"అలవాటుల రాసిన సార్."

"తీసెయ్."

కొలువు పోకుంటే చాలనుకొని దామోదర్ మొదటి నక్షల తన పేరు చెరిపిండు. గొర్రె వాసన చూసి కదిలింది.

చాయ గిలాస మూతికాడికి పోయినంక యాదికొచ్చింది, గొర్రెకు గెట్టూ హద్దూ తెల్వదని. ఉరుకులాడి మూల ప్లాటు తెరిచిండు. నంబరున్నది, పేరు లేదు. పోయింది మళ్లీ తెచ్చే బటన్ నొక్కిండు. ఇంకోసారి నొక్కిండు. గొర్రె పండుకొని నెమరేస్తాంది.

"సార్, నా ప్లాటు..."

సారు తెర మీదికి వంగి చూసిండు. "ఖాళీగనే ఉన్నది గదా. మా అల్లుడు శివకృష్ణ పేరు రాయి."

దామోదర్ ఆ బటన్ మళ్లొకసారి నొక్కిండు.

"రాయిరా. గొర్రెకు మేసుడొస్తది, రాసుడు రాదు. గందుకే నిన్ను ఉంచుకున్న."

దామోదర్ రాసిండు.

సారు జర పెద్దగ రాయమన్నడు. పెద్దగ రాసిండు.