ముందు ఆ పేరు చెప్పండి

వడ్రంగి భార్యకు నర్సమ్మ మాటలు మింగుడు పడలేదు. మొగుడు పనిచేసే షెడ్డులో ఎవరికో హెపటైటిస్ బి బయటపడిందట. వాళ్లతో మెలిగినవాళ్లందరికీ, ఇంట్లోవాళ్లకూ పరీక్షలట. పోయిన వారం ఆలుమగల రక్తం తీసుకెళ్లింది, పిల్ల బడిలో ఉందని వదిలేసింది. ఇవాళొచ్చి, అతనికి ఉంది, నీకు లేదని చల్లగా చెప్పింది.

"ముందు ఎవరికొచ్చిందో ఆ పేరు చెప్పండి."

"అది చెప్పకూడదమ్మా."

చెప్పకూడనిదంటే ఇంకేముంటుంది? షెడ్డులో కుర్చీలకు పాలిష్ వేసే ఆడమనిషి కళ్లముందు మెదిలింది. ఆ నవ్వూ, "బావగారూ" అన్న ఆ పిలుపూ ఈమెకు ఎప్పటినుంచో కంట్లో నలుసే.

"ఎలా అంటుకుంటుందేమిటి?"

"రక్తం వల్ల. కాన్పులో తల్లి నుంచి బిడ్డకి. ఆడామగా కలిసినా అంటుకుంటుంది."

చివరి మాటొక్కటే ఆమె చెవిన పడింది. మొగుడి వైపు తిరిగింది.

"నీమీదొట్టు, నాకేం తెలీదే," అన్నాడతను.

"ఒట్లు దాచుకో. పాలిష్ దానికి పనికొస్తాయి."

అతను పక్కనే సగం చేసి పెట్టిన స్టూలు కాలు గట్టిగా పట్టుకున్నాడు. బొటనవేల్లో చెక్క పేడు దిగింది. కోపం కోపమే, ఆమె చెయ్యి మాత్రం ఊరుకోలేదు. మెళ్లో గొలుసుకున్న పిన్నీసు తీసి అతని వేలు లాక్కుంది.

"ఆగండి," అంది నర్సమ్మ. "ఆ పిన్నీసు ఇంకెవరికైనా వాడతారా?"

"షెడ్డులో అందరికీ నేనే తీస్తానండీ. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లేసరికి చేతులు చాపుకుని కూర్చునుంటారు. నా చెయ్యి తేలిక." ఆ కోపంలోనూ కాస్త గర్వంగానే చెప్పింది.

"ఒకరికి తీశాక ఏం చేస్తారు?"

"గుడ్డకి తుడుస్తాను కదా."

నర్సమ్మ కాగితం, పెన్ను తీసింది. "దీనివల్లేనని నేను ఖాయంగా చెప్పలేను. కానీ రక్తం ఇలా కూడా ఒకరి నుంచి ఒకరికి దాటుతుందమ్మా. ఎవరెవరికి తీశారో ఇప్పుడు ఆ పేర్లు మీరే చెప్పాలి."

ఆమెకు సిగ్గుతో తల వాలిపోయింది. ముందు పాలిష్ మనిషినే చెప్పాల్సి వచ్చింది. "మెల్లగా అక్కా" అంటూ అరచెయ్యి చాపేది పాపం. తర్వాత రంపం మిషను అతన్ని, మేస్త్రీని చెప్పింది. అక్కడ ఆగిపోయింది.

"ఇంకెవరైనా?"

"మా పాప," అంది. "నిన్న కాల్లో దిగితే తీశాను."

"పాపకి టీకాలన్నీ వేయించారా?"

"మొదటిదానికి జ్వరమొచ్చిందని, మిగతావి నేనే వద్దన్నాను."

మొగుడు ఒక్క మాటా అనలేదు. అంటేనే బాగుండుననిపించింది ఆమెకు. నర్సమ్మ లేచింది. "ఇంకా టైముంది, టీకా వేస్తే ఆపొచ్చు. పాపని తీసుకుని ఇప్పుడే రండి."

పిన్నీసు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.