అక్క మరిచిన మాట

బాబాయి తన గ్రంథాలయంలో పిల్లల కోసం అరచేతంత కంప్యూటర్ పెట్టాలనుకున్నాడు. దాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్‌ని, అంటే కెర్నెల్ ప్యాకేజీని, అక్క తన ల్యాప్‌టాప్‌లో తయారు చేస్తోంది. రెండిటి ప్రాసెసర్లూ వేరు. ల్యాప్‌టాప్‌కి సరిపోయేది చిన్నదానికి పనికిరాదు. ఈ సాయంత్రానికి అది నడవకపోతే బాబాయి దాన్ని కొట్టుకి తిరిగిచ్చేస్తానన్నాడు.

మూడోసారి కూడా చిన్నదాని తెర మీద ‘ఆర్కిటెక్చర్ సరిపోలేదు’ అనే వచ్చింది, అంటే ప్రాసెసర్ రకం తప్పని.

"నీ చదువంతా దీని ముందు దిగదుడుపేనా?" అన్నాడు బాబాయి.

"నువ్వుండు బాబాయ్!"

పోయిన నెల అక్క ఇలాంటిదే చేసినప్పుడు, తను కొట్టిన కమాండ్లన్నీ నా డైరీలో రాసుకున్నాను. తీసి చూశాను. ఆఖరి కమాండ్‌లో ‘ఆర్మ్64’ అని చిన్నదాని ప్రాసెసర్ రకం పేరు ఉంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెర మీద అది లేదు. చెబుదామంటే, నన్నూ ‘నువ్వుండు’ అంటుందేమో. చూపిద్దామంటే, ఆ పేజీ కిందే అక్క గురించి ఒక ముక్క రాసి ఉంది. చివరికి కళ్ళు మూసుకుని డైరీ చాపాను.

అక్క ఆ మాట చేర్చింది. గంట తర్వాత చిన్న కంప్యూటర్ వెలిగింది. బాబాయి ఈల వేశాడు.

అప్పుడు అక్క తీరిగ్గా పైకి చదివింది: "కోపమొస్తే అక్క ముక్కు పండుమిరపకాయే."

"ఉన్నమాటే రాసింది కదే!" అన్నాడు బాబాయి. ముగ్గురం పడీపడీ నవ్వాం.