ముందుగా పలికిన నోరు

మా అమ్మాయి యాయ్రా రాసిన పద్యాల పుస్తకం అచ్చయి వచ్చినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. పూర్వం మా వాళ్ళు క్రూరుడైన రాజు కోట నుంచి తప్పించుకున్న కథంతా అందులో ఉంది. ఆడవాళ్ళు అంట్ల నీళ్ళు రోజూ ఒకేచోట పోసి గోడను నానబెట్టడం, అది కూలాక అడుగుల జాడ తెలియకుండా అందరూ వెనక్కి నడుస్తూ బయటపడడం. అంతవరకూ బాగానే ఉంది. చివరి పద్యంలో మాత్రం, నడవలేక గోడ దగ్గరే ఉండిపోయిన ముసలమ్మ పేరు పెట్టింది.

మా వంశంలో ఆ పేరు పలకాలంటే ముందు పిండి కలిపిన నీళ్ళు నేల మీద పోయాలి. పోయకుండా పలికితే, పలికినవాళ్ళను ఆవిడ తోడు తీసుకుపోతుందంటారు. ఇక్కడ కూడా నేను ఆ పేరు రాయను.

"ఆ పద్యం ఇంతవరకూ పైకి చదవలేదమ్మా. రేపు పండగ మైదానంలోనే మొదటిసారి," అంది యాయ్రా.

"నీళ్ళు పోసి చదవొచ్చు కదే."

"పోయను. ఆవిడేం దయ్యమా? మన అమ్మమ్మ. అమ్మమ్మను పిలవడానికి భయమెందుకని రాశాను. నీళ్ళు పోస్తే నా పద్యం అబద్ధం కాదూ?"

ఆరో తరగతితో ఆగినదాన్ని, దానితో ఏం వాదించను? చిన్నప్పుడు దానికి జలుబు చేస్తేనే శవపేటిక ఎంత పొడవుండాలో ఊహించుకున్నదాన్ని. ఉల్లి మళ్ళకు సగమే నీళ్ళు పెట్టి, పుస్తకం కొంగున కట్టుకుని, మా వంశపు గుడి చూసుకునే దోత్సే తాత దగ్గరికి నడిచాను.

"మళ్ళీ వచ్చావా? ఈసారి ఎవరు పోతారని?" అన్నాడు తాత.

విషయం చెప్పాను.

"రాస్తే తప్పు లేదులే. కాగితానికి ఊపిరుండదు. ముందుగా ఎవరు పైకి పలికితే భారం వాళ్ళది."

"ఆ తర్వాత పలికినవాళ్ళకో?"

"ఒక్క కబురుకి ఆవిడ ఎన్నిసార్లు వస్తుంది? ఆవిడకి వేరే పనుండదా?"

కొంగు ముడి విప్పి చివరి పేజీ తెరిచాను. తాత పిండి నీళ్ళున్న సొరబుర్ర అందుకున్నాడు.

"ఆగు, నీళ్ళు పోయనీ."

ఆగలేదు. అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ, పేరుతో సహా పక్కింటికి వినబడేలా చదివాను.

తాత సొరబుర్ర కింద పెట్టేశాడు.

"ఎంత పని చేశావే తల్లీ. భయం లేదూ?"

"ఎప్పుడూ ఉండేదే కదా తాతా. ఈసారి నా గురించి. కాస్త తేలిగ్గానే ఉంది."

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. యాయ్రా పక్కన కూర్చుని నా కాళ్ళు ఒళ్ళోకి తీసుకుంది.

"రేపు ఆపడానికి రావు కదా?"

"రాను. ఎన్నింటికి?"

"పదింటికి."

"ఆ పేరు దగ్గర గొణక్కు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా వినబడాలి," అన్నాను.