చిలేషె పేరు మీద

ఆదివారం మధ్యాహ్నం కసుబా రెండు చేతులా గరిటె పట్టుకుని న్షిమా కలుపుతోంది. మొక్కజొన్న పిండి గట్టిపడే సమయానికి ఫోను మోగింది. ఎన్డోలా ఆసుపత్రి నుంచి నర్సు తోవేలా.

"అక్కా, కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి! కాన్పయిన పిల్లకి రక్తం ఆగట్లేదు. ఏ గ్రూపు రక్తం ఎక్కడుందో కనబడి చావట్లేదు!"

కసుబా పొయ్యి పక్కనే ల్యాప్‌టాప్ తెరిచింది. భర్త కపెంబ్వా ముందుగదిలోంచి కేకేశాడు. "బంధువులు ఆకలితో కూర్చున్నారు. ఆ టైపింగేదో తర్వాత కొట్టుకోవచ్చుగా!"

తొమ్మిదేళ్లుగా అతనికది టైపింగే. ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునే ఆమె ఆఫీసులో పెద్దాయన చిలేషెకైతే అదీ కాదు. "నా పేరుతోనే సిస్టంలోకెళ్లమ్మా, ఒకే పేరుంటే గొడవుండదు" అన్నాడు మొదటిరోజే. తనకూ అన్ని అనుమతులూ ఉన్నా, కసుబా అలాగే వెళ్తూ వచ్చింది. సర్వరును నిలబెట్టిన ప్రతిసారీ మెప్పు ఆయనకే. మీటింగుల్లో ఆమె టీ అందించేది.

నల్లటి తెర మీద, డిస్కులో ఎంత జాగా ఉందో చెప్పే డీఎఫ్ ఆదేశం కొట్టింది. డిస్కు నూటికి నూరుపాళ్లూ నిండిపోయింది. ఏ ఫైలు ఎంత జాగా తింటోందో చూపే డీయూతో వెతికితే దొరికింది, జరిగినవన్నీ రాసుకుంటూ రోజూ పెరుగుతూ పోయిన ఒక లాగ్ ఫైలు. నడుస్తున్న ప్రోగ్రాము దాన్ని పట్టుకునే ఉంది కాబట్టి తీసేస్తే జాగా రాదు, ఖాళీ చెయ్యాలి. ఏదైనా చెరిపేముందు అలవాటుగా హూయామై అని కొట్టింది. నేనెవర్ని?

చిలేషె, అంది యంత్రం.

వేళ్లు ఆగిపోయాయి. ఇంట్లో కూతురి పేరున బనా ముసోండా, అంటే ముసోండా వాళ్లమ్మ. ఇక్కడ చిలేషె. కసుబాని ఎవరు పిలుస్తున్నారు?

"అక్కా, వింటున్నావా? ఈ పిల్ల దక్కేలా లేదు!" ఫోను స్పీకర్లోంచి తోవేలా కేకేసింది.

అత్తగారు ఆ గొంతు విన్నది. వచ్చి గరిటె తీసుకుంది. "నువ్వు చూడు, బనా ముసోండా. ఆ పిల్ల సంగతి చూడు."

కసుబా చిలేషె పేరులోంచి బయటికొచ్చి, తన పేరుతో మళ్లీ లోపలికెళ్లింది. ఫైలు ఖాళీ చేసింది. మూడు నిమిషాలకి తోవేలా అరిచింది, "వచ్చిందక్కా! రక్తం పట్టుకెళ్తున్నారు!"

సాయంత్రానికి పిల్ల గట్టెక్కిందని కబురు.

సోమవారం చిలేషె పిలిపించాడు. "సర్వరు బాగుచేసినవాళ్ల పేరు చూసి డాక్టరుగారు కసుబా ఎవరని అడిగారు. నా పేరుతో ఎందుకు వెళ్లలేదు?"

"ఇకముందూ వెళ్లనండి."

"అంటే?"

"నా పని నా పేరుతో చేస్తాను. మీ పేరుతో జరగాల్సింది మీరు చెయ్యండి సార్. ఆ పని రాకపోతే కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చోండి, నేర్పుతాను."